అమ్మ ఫోన్

మా ఇంట్లో ఆ ఫోనుకు ఒక పేరుండేది. అమ్మ ఫోన్. నా భార్య బతికున్నప్పుడు అది ఉత్త ఫోనే. ఆమె పోయాక నా బిడ్డ ఆ పేరు పెట్టిందో, మేమందరం కలిసి పెట్టామో ఇప్పుడు గుర్తులేదు. "అమ్మ ఫోన్ యాడ పెట్టినవ్?" "అమ్మ ఫోన్‌కు చార్జింగ్ పెట్టు." "అమ్మ ఫోన్ నీళ్లల్ల పడతది, జర పైలం." రోజుకు ఎన్నిసార్లో ఇంట్లో ఆ మాట వినిపించేది. అలాంటి పేరున్న వస్తువును పిల్ల చేతుల్లోంచి ఎట్లా తీసుకోవాలో ఏడాదిన్నర పాటు నాకు తెలియలేదు.

మొదట దాన్ని నా బిడ్డ చేతిలో ఎవరు పెట్టారో చాలాకాలం జ్ఞాపకం రాలేదు. బంధువుల్లో ఎవరో పెట్టి ఉంటారనుకునేవాణ్ని. ఎవరైనా అడిగితే అట్లాగే చెప్పేవాణ్ని. పెట్టింది నేనే. తొమ్మిది రోజుల డెంగీ జ్వరం తర్వాత నా భార్యను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టిన రోజు అది. దవాఖానవాళ్లు ఒక కవర్లో ఆమె దువ్వెన, చార్జరు, ఫోను పెట్టి ఇచ్చారు. నా బిడ్డకు అప్పుడు నాలుగున్నరేళ్లు. తల్లి మీద కప్పిన బట్టను పట్టుకుని గుంజుతోంది. అది చూడలేకపోయాను. ఎత్తుకుని వెనక గదిలోకి తీసుకుపోయి, కవర్లోంచి ఫోను తీసి, ఏదో బొమ్మల వీడియో పెట్టి, బియ్యం సంచి మీద కూర్చోబెట్టాను.

"ఇది చూస్తుండు బిడ్డా. ఇప్పుడే వస్త" అన్నాను.

మళ్లీ వెళ్లలేదు. ఆ సాయంత్రం వరకు ఆమె ఆ గదిలోనే ఉందని తర్వాత ఎవరో చెప్పారు.

వనపర్తిలో నాది చిన్న డీటీపీ దుకాణం. పెళ్లికార్డులు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు కంపోజ్ చేస్తాను. ఇరవై ఏళ్లుగా నా పని తెలుగు అక్షరాలు దిద్దడం. నా భార్య దినాల కార్డు కూడా నేనే చేశాను. ఆమె తమ్ముడు తెలకపల్లి నుంచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"బావా, చుట్టూ పూలు పెట్టు. రెండు దీపాలు పెట్టు. పైన మబ్బులు పెట్టు."

నేనేమీ పెట్టలేదు. పేరు, ఊరు, రోజు, భోజనాల వేళ. అంతే.

"గిదేంది బావా, కరెంటు బిల్లు లెక్కుంది" అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. తర్వాత ఇద్దరం ఆ తెర ముందు కూర్చుని ఏడ్చాం.

ఇంట్లో కూడా నాకు దిద్దే అలవాటు ఉండేది. నా భార్య తెలకపల్లి మాట మాట్లాడేది. "యాడికి పోతున్నవ్?" అంటే నేను "ఎక్కడికి" అనేవాణ్ని. "గట్ల గాదు" అంటే "అలా కాదు" అనేవాణ్ని. సగం ఎగతాళి, సగం నిజం. నా నోట వచ్చేదీ ఆ మాటే, అయినా దిద్దేవాణ్ని. ఒకరోజు ఆమె చేతిలో గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏమయ్యా, ప్రూఫులు నీ దుకాణంల దిద్దుకో. నా నోట్ల గాదు."

ఆ తర్వాత కొన్నాళ్లు ఊరుకున్నాను. అలవాటు మాత్రం పోలేదు.

ఆమె పోయాక మా అమ్మ వచ్చి మాతో ఉంది. మా ఊరి తీరుగా నేను ఆమెను అవ్వ అంటాను. నా బిడ్డ కూడా అవ్వ అనే పిలిచేది. మా ఊరు తిమ్మాజిపేట దగ్గర. అక్కడ కొంచెం చేను ఉంది, దాన్ని కౌలుకిచ్చి అవ్వ వనపర్తి వచ్చేసింది. వచ్చిన రోజు నుంచి ఇంటి పనంతా ఆమెదే. అన్నం తినిపించాలంటే ఫోను. తల దువ్వాలంటే ఫోను. స్నానం చేయిస్తుంటే గూట్లో ఫోను. నేను ఎప్పుడైనా మొహం చిట్లిస్తే అవ్వ దగ్గర ఒకటే మాట ఉండేది.

"తల్లిలేని పిల్ల. చూడనియ్‌రా."

అవ్వ ఒక్కతే కాదు. పక్కింటివాళ్లు, బంధువులు, బడి ఆటో నడిపే ఆయన, అందరూ ఆ మాటే అనేవాళ్లు. అది విన్న తర్వాత ఇంకేమీ అనడానికి ఉండేది కాదు. నాకూ అది సుఖంగానే ఉండేది. పిల్ల ఏడవకపోతే చాలు. నేను నా తెర ముందు, ఆమె తన తెర ముందు.

ఒకరోజు పొద్దున అవ్వ జొన్నరొట్టె చేస్తుంటే నా బిడ్డ వంటింటి గడపలో నిలబడి ఇట్లా అంది: "నానమ్మా, నాకు చాలా ఆకలిగా ఉంది. త్వరగా ఏమైనా చేసిపెట్టవా?"

అవ్వ రొట్టె తట్టడం ఆపింది. "ఓయమ్మో! టీవీల వార్తలు సదివే ఆమె వచ్చింది మనింటికి. పీట వెయ్యిరా కొడకా."

"నేను టీవీ కాదు నానమ్మా."

"మరెవరే నువ్వు? నేను నీకు అవ్వను. నానమ్మ ఎప్పటిసంది అయిన?"

"హాయ్ ఫ్రెండ్స్! ఈరోజు మనం రొట్టె ఎలా చేయాలో చూద్దాం!"

అవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది. నేనూ నవ్వాను. లోపల గర్వపడ్డాను కూడా. ఒక్క తప్పు లేదు. దిద్దకుండా అచ్చుకు పంపగల తెలుగు. ఎనిమిదేళ్లు నా భార్య దగ్గర నావల్ల కానిది ఏడాదిలో ఫోను చేసింది అనుకున్నాను. ఆ ఆలోచన నాకు వచ్చింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బొమ్మల వీడియోలే కాక నా బిడ్డ డాన్సులు చాలా చూసేది. సినిమా డాన్సులు కాదు. చీరలు కట్టుకున్న మామూలు ఆడవాళ్లు వాకిట్లోనో మిద్దె మీదనో ఆడే చిన్న చిన్న వీడియోలు. ఒకటి అయిపోగానే ఇంకొకటి. నవ్వేది కాదు, తాను ఆడేది కాదు. మొహం దగ్గరగా పెట్టుకుని చూసేది.

"గా ఆడోళ్లకు ఇండ్లల్ల పనుల్లేవా?" అనేది అవ్వ.

"కోడలు డాన్సరయితది బావా, రాసి పెట్టుకో" అనేవాడు మా బామ్మర్ది.

నేను దాని గురించి ఏమీ అనుకోలేదు. ఇంకొకటి కూడా నేను గమనించలేదు. నా బిడ్డ మమ్మల్ని ఏమీ అడగడం మానేసింది. ఇది కావాలి, అది కావాలి అనేది. ఎందుకు, ఎట్లా, ఎక్కడ అని మాత్రం ఎవరినీ అడిగేది కాదు. ఆ వయసు పిల్లలు ఇల్లు పీకి పందిరి వేసేటన్ని ప్రశ్నలు అడుగుతారు. మా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. నెమ్మదైన పిల్ల అని అందరూ మెచ్చుకునేవాళ్లు.

మొదటిసారి ఫోను మాన్పించాలని నేను ప్రయత్నించింది గద్వాల ప్రయాణంలో. అక్కడ మా అక్క ఇంట్లో గృహప్రవేశం. కావాలనే ఫోను ఇంట్లో పెట్టి బస్సెక్కాం. పెబ్బేరు దాటేవరకు నా బిడ్డ కిటికీలోంచి చూసింది. తర్వాత నా జేబులు వెతికింది. తర్వాత సంచి వెతికింది.

"అమ్మ ఫోన్ కావాలి."

"ఇంట్ల ఉంది బిడ్డా."

"అమ్మ ఫోన్ కావాలి! అమ్మ... అమ్మ..."

ఏడుపులో రెండో మాట మింగుకుపోయి మొదటి మాటే బస్సంతా వినిపించింది. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దామె వెనక్కి తిరిగింది.

"అట్లేడుస్తున్నది గదన్నా. వాళ్లమ్మ యాడుంది?"

నేను ఇంకేదైనా చెప్పి ఉండొచ్చు. "లేదమ్మా, సచ్చిపోయింది" అన్నాను. చెప్పేటప్పుడే తెలుసు, ఆ మాట చెప్తే ఇంక నన్నెవరూ ఏమీ అనరని. నిజంగానే బస్సు గప్‌చుప్ అయింది. కండక్టరు తల దించుకున్నాడు. ఆ పెద్దామె "అయ్యో, తల్లిలేని పిల్లా" అని కొంగులో ముడేసుకున్న తన ఫోను తీసి మా సీటు మీదుగా అందించింది. ఏడుపు ఆగిపోయింది. బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా పారుతోంది. చూడమన్నాను. నా బిడ్డ చూడలేదు. ఎవరో తెలియని మనిషి ఫోనులో ఎవరో తెలియని ఆడవాళ్ల డాన్సు చూస్తోంది.

గద్వాలలో బస్సు దిగాక నాకు సిగ్గేసింది. పిల్ల ఏడ్చినందుకు కాదు. నలుగురి నోళ్లు మూయించడానికి నా భార్య చావును ఉపయోగించుకున్నందుకు. మళ్లీ అట్లా చేయొద్దు అనుకున్నాను. ఇంటికి రాగానే ఫోను ఇచ్చాను.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం నా బిడ్డే ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇది కదలడం లేదు."

నిండిపోయింది. పనికిరానివి తీసేద్దామని లోపలికి వెళ్లాను. అక్కడొకచోట, అప్పటివరకు వెతికిన మాటలు, ఒక్కోదాని కింద చూసిన వీడియోలు వరుసగా దాచి ఉన్నాయి. నా బిడ్డకు అప్పటికి చదవడం రాయడం రాదు. మైకు బొమ్మ నొక్కి, కావలసింది నోటితో చెప్పేది. ఆమె చెప్పినదాన్ని ఫోను తనకు అర్థమైనట్టు రాసుకుంది. కొత్తవి పైన, పాతవి కింద.

పైనున్నవన్నీ శుభ్రంగా ఉన్నాయి. "ఏనుగు పిల్ల వీడియో చూపించు." "ఇంకొక పాట పెట్టు." కిందికి పోతున్నకొద్దీ తప్పులు మొదలయ్యాయి. "కాకు తీ ఉరుకులు" అని ఒకటి. పైకి చదివితే తెలిసింది, "గా కోతి ఉరుకుడు" అని ఉంటుంది. ఇంకోచోట "నాకు గది కావాలి" అని నాలుగుసార్లు. కింద అద్దె గదులు, గదులకు వేసే రంగులు, గది సర్దుకునే పద్ధతులు. ఆమె అడిగింది "నాకు గది గావాలె" అని. గది అంటే అది. ఆ తెరమీద ఏదో బొమ్మను వేలితో చూపిస్తూ అడిగి ఉంటుంది. ఐదోసారి "నాకు అది కావాలి" అని ఉంది.

నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగింది. ఈ ఇంట్లో ఎవరూ ఆమెకు పుస్తకాల తెలుగు నేర్పలేదు. మన మాట ఆ యంత్రానికి తెలియడం లేదు కాబట్టి, నాలుగున్నరేళ్ల పిల్ల ఒక్కో మాటా మార్చుకుంటూ పోయింది. నేను గర్వపడింది దాన్ని చూసి.

ఇంకా కిందికి పోయాను. అక్కడ ఒకే మాట మళ్లీ మళ్లీ ఉంది.

అమ్మ ఆడింది. అమ్మ ఆడింది. అమ్మ ఆడింది.

ఒకరోజు మూడుసార్లు, మర్నాడు రెండుసార్లు. అట్లా వారం రోజులు. ప్రతిదాని కిందా ఆడవాళ్ల డాన్సులు. నాకు అర్థం కాలేదు. ప్రూఫులు చదివేవాడికి ఒక అలవాటుంటుంది. తప్పు దొరక్కపోతే పైకి చదువుతాడు. నేనూ చదివాను.

"అమ్మ ఆడింది."

వంటింట్లోంచి అవ్వ పలికింది. "ఏందిరా? అమ్మ యాడుంది అంటున్నవా? నీ అమ్మను ఈడనే ఉన్న గదరా, గిన్నెలు తోముతున్న."

ఫోను నా చేతిలో ఉంది. నేను మళ్లీ చదవలేదు. అమ్మ యాడుంది. నా బిడ్డ తన తల్లి భాషలో అడిగింది. ఆ ఫోనుకు "యాడుంది" తెలియదు, "ఆడింది" తెలుసు. ఆడే అమ్మలను చూపించింది. ఆమె ఒక్కొక్కరి మొహం దగ్గరగా చూసింది.

ఆ వారం తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "అమ్మ ఎక్కడ ఉంది" అని ఉంది. తప్పు లేదు. దాని కింద తప్పిపోయిన కోడిపిల్ల బొమ్మల కథ. ఆమె దాన్ని చివరిదాకా చూసినట్టు ఫోనులో గుర్తు పడి ఉంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట లేదు.

వాటన్నిటికీ కింద, కొన్ని రోజుల ఖాళీ తర్వాత, నా భార్యవి మొదలయ్యాయి. ఆమె టైపు చేసేది. తెలుగు కీబోర్డు నేనే నేర్పాను. చివరిది ఇది: "ప్లేట్‌లెట్లు పెరగాలంటే ఏం తినాలె." తినాలె. దిద్దలేదు. నాకు దిద్దాలనీ అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం ఏమీ తీసేయకుండా ఫోను మూసి కూర్చున్నాను. ఆ మొదటి రోజుల్లో నా బిడ్డ మమ్మల్ని అడిగింది, అది ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమె మామ "ఊరికి పోయింది, వస్తది" అన్నాడు. మా అక్క "దేవుని దగ్గరికి పోయింది" అంది. అవ్వయితే పిల్ల అడిగినప్పుడల్లా ఏడ్చింది. నేను "తర్వాత చెప్త" అన్నాను. ఎవరూ చెప్పలేదు. అందుకని ఏది అడిగినా ఏదో ఒకటి చూపించేదాన్ని అడిగింది.

అప్పటివరకు నేను అనుకున్నది ఫోను మాన్పించాలని. ఆ రోజు అది మారింది. నా బిడ్డ ఆ ప్రశ్న నన్ను అడగాలి. అడిగినప్పుడు నేను అక్కడ ఉండాలి. నిజం చెప్పాలి. దీనికి ఎన్ని రోజులు పట్టినా సరే అనుకున్నాను.

సాయంత్రం అవ్వకు చెప్పాను. ఫోనులో చూసింది కూడా చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసి అడిగింది.

"మరి నీ ఫోను?"

"నాదేంది?"

"పొద్దంత దుకాణంల దాని ముంగట్నే ఉంటవు. ఇంటికొచ్చినంక గూడ వాట్సాప్‌ల కార్డులు పంపుతవు. పిల్ల పిలిస్తే ఊ అంటవు. ఒక్క పిల్లకే చెప్తవారా నీతులు?"

మర్నాటి నుంచి అమ్మ ఫోను దుకాణంలో ఉంటుంది, నా ఫోను ఇంటికి రాగానే మూతపడుతుంది అని ఒప్పుకున్నాను. నా ఫోను ఎక్కడ పెట్టాలో అవ్వే చెప్పింది.

"జొన్నల డబ్బల పెట్టు. పురుగు పట్టకుంట ఉంటది."

మొదటి నాలుగు రోజులు అనుకున్నదానికంటే ఘోరం. నా బిడ్డ గోడకు తల కొట్టుకుంది. అన్నం తోసేసింది. రెండో రోజు నా బొటనవేలు కొరికింది. దుకాణంలో పెళ్లికార్డు చూసుకోవడానికి వచ్చినాయన నా చేతికట్టు చూసి "కుక్క కరిసిందా అన్నా?" అన్నాడు. "కాదు, బిడ్డ" అన్నాను. "అబ్బ, సూదేయించుకున్నవా మరి?" అని నవ్వాడు. అదే మనిషి రాత్రి పంపిన మార్పులు నేను పొద్దునదాకా చూడలేదని రెండు రోజుల తర్వాత గొడవపడి కార్డు ఇంకో దుకాణానికి తీసుకుపోయాడు. పోనిచ్చాను.

అవ్వ రోజూ పొద్దున్నే మెత్తబడేది. "జరసేపు ఇద్దాంరా. అన్నం తినేవరకే." నేను కూడా రోజూ దాదాపు ఒప్పుకునేవాణ్ని. ఒప్పుకోలేదు. గోడ పక్కన బిడ్డతో పాటు కూర్చునేవాణ్ని. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. పిల్లలను ఎట్లా ఆడించాలో నాకు నిజంగా రాదు. ఆమెకు విసుగు, నాకు విసుగు. ఇద్దరం బల్లిని చూసేవాళ్లం.

పదో రోజో, పదకొండో రోజో మా బామ్మర్ది తెలకపల్లి నుంచి వచ్చాడు. సంచిలో కొత్త ట్యాబు. పెట్టె మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు.

"ఫోనంటే కండ్లు పోతయి బావా. ఇది పెద్దగుంటది."

"వద్దు. వాపస్ తీస్కపో."

"ఎందుకు? చదువు గూడ ఉంటది దీంట్ల."

"ఉంటది. ఇప్పుడు వద్దు."

అతని మొహం మారింది. "మా అక్క ఉంటే గిట్ల ఏడిపిస్తుండెనా? తల్లిలేని పిల్ల బావా!"

ఆ మాటకు నా దగ్గర ఏడాదిన్నరగా జవాబు లేదు. ఆ రోజు వచ్చింది.

"తల్లిలేని పిల్ల గాదు. దానికి తల్లి ఉండె. మీ అక్కనే. సచ్చిపోయింది. గా సంగతి దానికి ఎవ్వరం చెప్పలే. ఊరికి పోయిందన్నవ్ నువ్వు. ఏ ఊరికిరా?"

గొంతు పెద్దదయింది. గడపలో నా బిడ్డ నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. ఆమె మామ ట్యాబు సంచిలో పెట్టుకుని, అన్నం తినకుండా పోయాడు. రెండు వారాలు ఫోను చేయలేదు. తర్వాత వచ్చినప్పుడు పల్లికాయల సంచి తెచ్చాడు. మాట్లాడకుండా వాకిట్లో కూర్చుని ఒలవడం మొదలుపెట్టాడు. కాసేపటికి నా బిడ్డ పోయి పక్కన కూర్చుంది. ఒలిచిన గింజలన్నీ ఇద్దరూ తినేశారు.

ప్రశ్నలు నెమ్మదిగా మొదలయ్యాయి. మొదట్లో ఆమె అడిగే తీరు విచిత్రంగా ఉండేది. నా మొహానికి దగ్గరగా వచ్చి, ఒక్కో మాట విడగొట్టి, గట్టిగా చెప్పేది.

"బల్లి. ఏమి. తింటుంది."

చెప్పి, నోరు మూసుకుని, నేను చూపించేదాకా ఆగేది.

"పురుగులు తింటది" అన్నాను. "నాతోని అట్ల ఆగాగి చెప్పొద్దు బిడ్డా. ఎట్ల మాట్లాడినా నాకు సమజైతది."

నమ్మలేదు. పరీక్ష పెట్టింది. అరుగు మీద కూర్చుని గూటి వైపు వేలు చూపించి, నన్నే చూస్తూ అంది: "నాకు గది గావాలె."

లేచి గూట్లో ఉన్న చెంచా తెచ్చి ఇచ్చాను.

"గది గాదు, గది!"

దువ్వెన తెచ్చి ఇచ్చాను. తాళం తెచ్చాను. పాత బ్యాటరీ తెచ్చాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. గూడు ఖాళీ అయ్యేదాకా ఆ ఆట సాగింది. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి "ఇద్దరికి పని లేదు" అని తిట్టింది. ఆ రోజు నుంచి నేను ఆమె మాట ఒక్కటి కూడా దిద్దలేదు. ఇది రాస్తున్నప్పుడు నా వాక్యాలు నాకు అలవాటైన తీరులోనే వస్తున్నాయి. మాట్లాడినవాళ్ల మాటలు మాత్రం ఎవరివి వాళ్లకే ఉంచాను.

నేను ఎదురుచూసే ప్రశ్న రాలేదు. ఒక నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. వస్తే ఏం చెప్పాలో ఎన్నో రకాలుగా అనుకుని పెట్టుకున్నాను. కొన్నిసార్లు నేనే మొదలుపెడదామనుకున్నాను. అది నా భారం దించుకోవడమే అవుతుందని ఆగాను.

ఒక ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుని ఆమెకు జడ వేస్తున్నాను. జడ వేయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. ఒకవైపు లావు, ఒకవైపు సన్నం అవుతుంది. ఆమె నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

"నాయినా, అమ్మ యాడుంది?"

అనుకుని పెట్టుకున్నవి ఒక్కటీ రాలేదు.

"సచ్చిపోయింది బిడ్డా."

"అంటే?"

"జ్వరమొచ్చింది. దవాఖానకు తీస్కపోయినం. తగ్గలే. ఊపిరి ఆగిపోయింది. మన ఊళ్ల, తిమ్మాజిపేట కాడి చేన్ల బొంద తీసి పెట్టినం."

మూడు పాయలు నా వేళ్ల మధ్య ఉన్నాయి.

"మళ్ల రాదా?"

"రాదు."

"ఫోన్ల గూడ లేదు" అంది. "నేను జూసిన. మస్తు మంది అమ్మలున్నరు. ఆడుతున్నరు. మన అమ్మ లేదు."

"అవు. లేదు."

"చేను జూపిస్తవా?" అంది.

జడ సగంలో ఉంది. పూర్తి చేసి రబ్బరు పెట్టాను. అవ్వ గడపలో నిలబడి కండ్లు తుడుచుకుంటోంది. లోపలికి పోయి రెండు రొట్టెలు కట్టి ఇచ్చింది.

బిజినేపల్లి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. ఊరి దగ్గర దిగి చేనిదాకా నడిచాం. కౌలు రైతు పత్తి వేశాడు. బోరు పక్కన, గట్టుకు ఆనుకుని ఒక రాయి ఉంటుంది. దాని మీద పేరొక్కటే. ఆ అక్షరాలు నేనే కంపోజ్ చేసి చెక్కేవాడికి ఇచ్చాను. నా బిడ్డ అప్పటికి ఒకటో తరగతిలో గుణింతాలు నేర్చుకుంటోంది. రాయి ముందు గొంతుక్కూర్చుని వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. ఒత్తు దగ్గర తప్పు చదివింది. నేను ఊరుకున్నాను. తనే మళ్లీ వెనక్కి పోయి చదివింది.

"లోపల ఊపిరాడదు గదా?"

"ఊపిరి అక్కర్లేదు బిడ్డా ఇంక."

"ఆకలైతదా?"

"గాదు."

"నొప్పి?"

"లేదు. అన్నీ బంద్ అయినయి."

ఆమె ఏడుస్తుందని సిద్ధంగా ఉన్నాను. అప్పుడు ఏడవలేదు. రొట్టె తింది. బోరు గట్టు మీద ఒక తొండను తరిమింది. తిరిగి వచ్చేటప్పుడు, రోడ్డెక్కాక, ఒక్కసారిగా ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నేను ఆపలేదు. ఎత్తుకుని నడిచాను. నేనూ ఏడ్చాను. రోడ్డు మీద పోయేవాళ్లు చూశారు.

బస్సులో ఆమె ఇంకా వెక్కుతూనే ఉంది. పక్క సీట్లో ఒళ్లో కూరగాయల సంచి పెట్టుకుని ఒకామె కూర్చుంది.

"ఏమైందన్నా పిల్లకు? వాళ్లమ్మ రాలేదా?"

నేను నోరు తెరిచేలోపే నా బిడ్డ చెప్పింది. "మా అమ్మ సచ్చిపోయింది. చేన్ల ఉంది. చూసొస్తున్నం."

పక్క సీటామె మొహం పాలిపోయింది. "అయ్యో, తల్లిలేని పిల్లా..." అని సంచిలో చెయ్యి పెట్టింది. నాకు తెలుసు ఏం వస్తుందో. ఫోను బయటికి వచ్చింది. నా బిడ్డ దాన్ని చూసింది, కొంచెం ముందుకు వంగింది కూడా. అందుకు బిడ్డను నేను తప్పుపట్టను.

"ఇప్పుడు వద్దమ్మా" అన్నాను. "మేం మాట్లాడుకుంటున్నం."

నా బిడ్డ మూతి ముడిచింది. బిజినేపల్లి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. బస్సు మారాక, కిటికీ పక్కన కూర్చుని, బయటికే చూస్తూ అడిగింది.

"నాయినా, అమ్మ నన్ను ఏమని పిలుస్తుండె?"

చెప్పాను.